ఎఫెసు, కల్సెడోను: రక్షకుని స్వభావమును గూర్చిన తగవు

క్రీస్తు దేవుడా, మనుష్యుడా యని నేడు ఏ క్రైస్తవుని అడిగినను ‘రెండును’ అని తడుముకొనక బదులు చెప్పును. ఆ బదులు అట్లు ఒక్క గుక్కలో నోటికి వచ్చుటకు ముందు నూటయిరువది యేండ్లకు మించి సాగిన తగవును, నాలుగు మహాసభలును, పెక్కుమంది బిషప్పుల ప్రవాసములును, వీథులలో పాఱిన నెత్తురును గలవు. భగవంతుడు నరరూపమున దిగివచ్చుట పురాణశ్రవణమునకు అలవడిన మనవారికి వింతగాదు. సీతను గోలుపోయిన రాముడు చెట్టును పుట్టను అడుగుచు విలపించినపుడు, అది లీలయని యొకరును, లోకము కొఱకు నటించిన నటనమని యొకరును సమాధానము చెప్పుకొందురు. క్రైస్తవాచార్యులు ఆ దారిని తమకు తామే మొదట మూసికొనిరి. క్రీస్తు దేహము ఛాయామాత్రమనియు, ఆయన సిలువ నొప్పి కేవలము కనుకట్టనియు బోధించినవారిని రెండవ శతాబ్దముననే తమలోనుండి వెలివేసిరి. ఆయన ఆకలి నిజమైన ఆకలి, ఆయన మరణము నిజమైన మరణము. అయినను ఆయన దేవుడు. ఈ రెంటిలో దేనిని సడలించుటకును ఇష్టపడని వారికి, రెండును ఒక్కనియందు ఎట్లు పొసగుననునది తప్పించుకొనరాని ప్రశ్న యయ్యెను.

నాలుగవ శతాబ్దారంభమున అలెగ్జాండ్రియా నగరములో ఆరియసు అను నొక గురువు, కుమారుడు తండ్రిచే సృజింపబడినవాడే గాని తండ్రితో సమానుడు గాడని బోధింపసాగెను. అతడు పొడగరి, మృదుభాషి. తన సిద్ధాంతమును ఓడవాండ్రు, తిరుగలి విసరువారు, బాటసారులు పాడుకొనుటకు వీలుగా పాటలుగా గట్టిన నేర్పరి. కాన్‌స్టాంటైను చక్రవర్తి 325లో నైసియా పట్టణమునకు బిషప్పులను ప్రభుత్వపు బండ్ల మీద రప్పించి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని తీర్మానింపజేసెను. ఆరియసుతో గూడ, సంతకము చేయ నొల్లని యిద్దఱు బిషప్పులు దేశమునుండి వెడలగొట్టబడిరి. తగవు తీరెనా యన్నచో, తీరలేదు. కాన్‌స్టాంటైనే 337లో మరణశయ్యమీద ఆరియసు పక్షము వహించిన నికొమెడియా బిషప్పు యూసేబియసు చేతనే బాప్తిస్మము పొందెను. నైసియా నిర్ణయమునకు వెన్నెముకయై నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనేసియసు అయిదు మార్లు ప్రవాసమునకు పోవలసివచ్చెను. 381లో కాన్‌స్టాంటినోపిలున గూడిన రెండవ మహాసభ నైసియా మాటను స్థిరపఱచెను. ఆ కాలపు రాజధానిలో రొట్టె వెల యడిగినను, చిల్లర మార్పింపబోయినను, తండ్రి గొప్పవాడా కుమారుడు గొప్పవాడా యన్న చర్చయే యెదురగుచుండెనని నిస్సా గ్రెగరీ పరిహసించెను. పరిహాసమేయైనను అందు సత్యము గలదు. అది పండితుల పీఠములమీద మాత్రమే నడచిన వాదము గాదు, అంగడివారి వాదము గూడ.

కుమారుడు దేవుడని తేలినది. అట్లయిన, మరియ కన్న మనుష్యుని సంగతి యేమి? ఇచ్చట రెండు మహానగరములు రెండు దారులు పట్టినవి. సిరియాదేశపు అంతియొకయలోని ఆచార్యులు సువార్తలను అక్షరశః చదువు వారు. క్రీస్తు బాల్యమున జ్ఞానమందు వర్ధిల్లెనని, లాజరు సమాధి యొద్ద కన్నీరు విడిచెనని, తాను ఎఱుగని విషయమొకటి గలదని చెప్పెనని వ్రాసియుండగా, దైవమునకు ఎదుగుటయేమి, ఏడ్చుటయేమి, ఎఱుగకుండుటయేమి యని వారు నిలదీసిరి. కావున క్రీస్తునందు సంపూర్ణుడగు మనుష్యుని, సంపూర్ణుడగు దేవుని విడివిడిగా గుర్తించి, ఏ పని యెవ్వరిదో వేఱుచేసి చెప్పిరి. ఐగుప్తుదేశపు అలెగ్జాండ్రియావారి చింత వేఱు. సిలువమీద మరణించినవాడు దేవుడు గాక, దేవునితో చెలిమి చేసిన మనుష్యుడు మాత్రమేయైన పక్షమున మనకు మృత్యువునుండి విడుదల యెక్కడిది? బల్లమీద పంచిపెట్టు రొట్టెయందు మనకు లభించునది కేవలము మానవమాంసమైనచో, దానివలన నిత్యజీవ మెట్లు కలుగును? వారికి క్రీస్తు ఒక్కడు, ఆయన క్రియలన్నియు ఒక్కనివే. నా మట్టుకు ఈ రెండు పక్షములలో ఎవ్వరిదియు కుతర్కముగా తోచదు. అంతియొకయవారు గ్రంథమును కాపాడగోరిరి, అలెగ్జాండ్రియావారు మోక్షమును కాపాడగోరిరి. వాదమంతయు చక్రవర్తుల రాజకీయమునకు తొడిగిన కాషాయమని కొట్టివేయు ఆధునికులు ఈ మొదటి సంగతిని సరకుచేయరు.

రాజకీయము లేదని గాదు. 428 ఏప్రిలులో అంతియొకయ మఠములో పెరిగిన నెస్టోరియసు కాన్‌స్టాంటినోపిలు పాట్రియార్కు ఆయెను. వక్త, నిష్ఠాపరుడు, నోటి దురుసు గలవాడు. అతని వెంటవచ్చిన గురువొకడు, మరియను ‘దేవమాత’ యని పిలువరాదని ఉపదేశవేదిక మీదనుండి పలికెను. ఆ బిరుదము అప్పటికి తరతరములుగా సామాన్యుల ప్రార్థనలలో నలిగినది. నెస్టోరియసు తన గురువును మందలింపక, సృష్టికి పూర్వమే యున్న దేవునికి తల్లి యుండుట యెట్లని, ‘క్రీస్తుమాత’ యనుట మేలని వెనుకవేసికొనివచ్చెను. చక్రవర్తి రెండవ థియొడోసియసునకు అక్కయైన పుల్కేరియా అతనికి అప్పుడే విరోధి. అలెగ్జాండ్రియాలో 412 నుండి పీఠమెక్కియున్న సిరిలుకు ఇంతకంటె మంచి తరుణము దొరకదు. కొత్తరాజధాని పాట్రియార్కులు తమ ప్రాచీన పీఠమును మించి మన్నన పొందుట ఐగుప్తువారికి ఏనాటినుండియో కంటిలో నలుసు. అయినను సిరిలు వ్రాసిన జాబులను చదివినవారికి అతడు నమ్మనిదానిని నమ్మినట్లు నటించెనని తోచదు; అతనియందు వేదాంతియు, పాళెగాడును ఒక్క చొక్కాలో నుండిరి.

431లో ఈ తగవు తీర్చుటకు గూడిన ఎఫెసు మహాసభకు తేది యేర్పడినది జూను 7. సిరిలు ఏబదిమంది ఐగుప్తు బిషప్పులతో సముద్రముమీద వచ్చి దిగెను. ఎఫెసు బిషప్పు మెమ్నోను సిరిలు పక్షమువాడగుటచే నెస్టోరియసునకు నగరములోని గుడుల తలుపులన్నియు మూయించెను. అంతియొకయ బిషప్పు జాను తన పరివారముతో గట్టుదారిని వచ్చుచు వెనుకబడెను. ఎండలు ముదిరినవి; వేచియున్న బిషప్పులలో కొందఱు జబ్బుపడిరి, కొందఱు చనిపోయిరి. జూను 22న సిరిలు, జాను కొఱకు ఇంక వేచియుండ నక్కఱలేదని, చక్రవర్తి పంపిన అధికారి కాండిడియను వలదు వలదని మొఱపెట్టుచున్నను, మరియ పేరిట వెలసిన దేవాలయములో సభ తెఱచెను. నెస్టోరియసును ముమ్మారు పిలిచిరి. అతని విడిదిచుట్టు నిలిచిన సైనికులు పిలువవచ్చినవారిని లోనికి పోనీయలేదు. పొద్దుపోవునప్పటికి అతనిని పదభ్రష్టుని గావించి సంతకములు చేసిరి. ఉదయమునుండి వెలుపల కనిపెట్టుకొనియున్న పురజనులు దివిటీలు పట్టి, స్త్రీలు ధూపకలశములతో ముందు నడువగా, బిషప్పులను విడిదులవఱకు సాగనంపిరని సిరిలే తనవారికి వ్రాసెను. నాలుగు దినములకు దుమ్ముగొట్టుకొని వచ్చిన జాను, నలువదిమందికి పైచిలుకు బిషప్పులతో వేఱు సభచేసి, సిరిలును మెమ్నోనును పదభ్రష్టులను చేసెను! చక్రవర్తి ఇరుపక్షముల తీర్పులును నిజమేయన్నట్లు నెస్టోరియసు, సిరిలు, మెమ్నోను మువ్వురిని నిర్బంధములో నుంచెను.

అప్పుడు రాజధానిలో రెండు బలములు పనిచేసినవి. నలువది యేండ్లకు పైగా తన గదిని విడిచి వెలికి రాని డల్మాటియసు అను వృద్ధ సన్న్యాసి, మఠవాసుల గుంపును వెంటబెట్టుకొని కీర్తనలు పాడుచు రాజసౌధమునకు నడచిపోయెను. అట్టివాడు వీథిలోనికి వచ్చుటయే ప్రజలకు దైవాజ్ఞవలె తోచెను. రెండవ బలము బంగారము. సిరిలు ఆస్థానములోని కంచుకులకు, అధికారులకు, అంతఃపురస్త్రీలకు పంపిన కానుకల పట్టిక నేటికిని నిలిచియున్నది. అందు ఎవరికి ఎన్ని తివాసులు, ఎన్ని దంతపు పీటలు, ఎన్ని తులాముల బంగారమో, లొంగనివారికి ఎంత హెచ్చింపవలెనో కరణము వ్రాసినంత నిక్కచ్చిగా వ్రాసియున్నది. అలెగ్జాండ్రియా సంఘము ఇందుకై 1500 పౌనుల బంగారము అప్పుచేసినది. సిరిలు తన పీఠమునకు మరలిపోయెను. 433లో జానుతో రాజీపడి, క్రీస్తునందలి ఉభయ స్వభావములను అంగీకరించు పత్రముమీద చేవ్రాలు చేసెను. ఆ పత్రములోని మాటలు నెస్టోరియసు ఒప్పుకొనదగిన మాటలే. కాని రాజీకి అతడే బలి. అతనిని మొదట అంతియొకయ మఠమునకును, పిదప ఐగుప్తు ఎడారిలోని ఒయాసిసునకును పంపిరి. ఎడారి దోపిడిగాండ్ర చేతబడి, విడువబడి, ఊరినుండి ఊరికి త్రోలబడి, ఆ ముసలివాడు తన పక్షమును సమర్థించుకొను గ్రంథమొకటి వ్రాసెను. అది సిరియాభాషలో మాత్రము కుర్దిస్థాను కొండలలో పాట్రియార్కు గ్రంథాలయమున దాగియుండి, 1910లో అచ్చుపడెను. దానిని చదివినవారు, ఇద్దఱు క్రీస్తులు గలరని ఇతడెన్నడును చెప్పలేదే యని నివ్వెఱపోయిరి.

సిరిలు 444లో పోయెను. అతని తరువాతివాడు డయాస్కొరసు, గురువుకు మించినవాడు; అయితే నేర్పున గాదు, మొండితనమున. కాన్‌స్టాంటినోపిలు మఠాధిపతి యూటికిసు, దైవస్వభావముతో ఏకమైన పిమ్మట క్రీస్తునకు ఒకటే స్వభావమని మంకుపట్టు పట్టి, 448లో పాట్రియార్కు ఫ్లేవియను చేత బహిష్కృతుడాయెను. మరుసటేట డయాస్కొరసు యూటికిసు పక్షము వహించి ఎఫెసులో మరియొక సభ చేసెను. రెండు స్వభావములను నిలుపుచు రోము పోపు లియో పంపిన లేఖను చదువనీయలేదు. సభలోనికి సైనికులను, దుడ్డుకఱ్ఱల సన్న్యాసులను చొరనిచ్చెను. ఫ్లేవియను దెబ్బలు తిని కొలది దినములలోనే మరణించెను. ఇతర బిషప్పుల లేఖకులు తమంతట తాము వ్రాసికొనుచుండగా, వారి సిరాబుడ్లు లాగుకొనుచు వ్రేళ్లు విఱుగునంత పనిచేసిరని, ఏమియు వ్రాయని కాగితములమీద తమచేత సంతకములు చేయించిరని బిషప్పులే తరువాత సాక్ష్యమిచ్చిరి. ‘దొంగల సభ’ యని లియో దానికి పేరుపెట్టెను.

450 జులైలో గుఱ్ఱముమీదనుండి పడి థియొడోసియసు చనిపోయెను. చరిత్రలో ఇంతటి కథ తిరుగుటకు ఒక గుఱ్ఱపు కాలు చాలెను. పుల్కేరియా మార్సియను అను సేనానిని పరిణయమాడి, 451 అక్టోబరు 8న రాజధాని కెదురుగా జలసంధి కావలనున్న కల్సెడోనులో, సెయింటు యూఫీమియా దేవాలయమున, అయిదువందలకు పైబడిన బిషప్పులతో సభ చేయించెను. ఈసారి అధ్యక్షులు బిషప్పులు గారు, ప్రభుత్వాధికారులు. నడుమ సువార్తగ్రంథమును నిలిపి, కుడివైపున ఐగుప్తు, పాలస్తీనా పక్షమును, ఎడమవైపున రోము, అంతియొకయ పక్షమును కూర్చుండబెట్టిరి. కేకలు మిన్నుముట్టినవి; ఇట్టి అల్లరి బిషప్పులకు తగదని అధికారులే మందలింపవలసివచ్చెను. ఫ్లేవియను నిర్దోషియని తేలగానే, నిన్నటివఱకు డయాస్కొరసుకు కుడిభుజమైన యెరూషలేము బిషప్పు జువెనలు లేచి, తనవారితో గూడ, ఆ సభాంగణము దాటిపోయి ఎదుటివైపున కూర్చుండెను. డయాస్కొరసు మాత్రము కదలలేదు; సభ అతనిని పదభ్రష్టుని గావించెను.

తరువాత వచ్చినది వాక్యనిర్మాణము. క్రీస్తు రెండు స్వభావముల ‘నుండి’ ఏర్పడినవాడనిన డయాస్కొరసును సమ్మతించును. ఏలయన కలిసిన పిదప ఒకటే యని అతడు చెప్పుకొనవచ్చును. రెండు స్వభావముల ‘యందు’ ఉన్నవాడనిన, కలిసిన పిదపను రెండును నిలిచియున్నవని అర్థము. బిషప్పులు మొదట ‘నుండి’ అను ముసాయిదానే జయజయధ్వానములతో మెచ్చిరి. రోము ప్రతినిధులు మూటముల్లె సర్దుకొని ఇండ్లకు పోయెదమనిరి. అధికారులు, లియో వెంట పోయెదరా, డయాస్కొరసు వెంట పోయెదరా చెప్పుడని నిలదీయగా, లియో వెంటనే యనిరి. కొందఱు పెద్దలు దేవాలయపు లోపలి గదికి పోయి వాక్యము దిద్దికొనివచ్చిరి: క్రీస్తు ఒక్కడే, రెండు స్వభావములయందు, కలగాపులగము గాక, మాఱక, విడిపోక, వేఱుపడక. నాలుగును ‘కాదు’లే. ఎట్లు కలిసినవో వారు చెప్పలేదు. ఎట్లు కలియలేదో మాత్రమే చెప్పిరి. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుటకు అయిదువందలమంది పండితులు ఒప్పుకొనుట, నాకు తోచినంతవఱకు, ఆ సభ చేసిన పనులలో మిక్కిలి వివేకముగలది. లియో లేఖను ప్రవాసములో చదివిన నెస్టోరియసు, ఇది నా మతమేకదా యని సంతోషించెను. అతని పేరును మాత్రము ఆ సభ మఱల శపించినది.

ఆ సభలోనే, ముందుగా, మఱియొక దృశ్యము జరిగినది. లియో లేఖకు చేవ్రాలు చేయుడనగా పదుమువ్వురు ఐగుప్తు బిషప్పులు నేలబడి, ‘మా ఆర్చిబిషప్పు లేక మేము సంతకము చేసినచో, ఊరికి పోగానే మమ్ములను చంపివేయుదురు, కనికరింపుడు’ అని వేడుకొనిరి. ఇతరులు వారిని గేలిచేసిరి. వారి భయము వట్టిది గాదు: డయాస్కొరసు స్థానమున ప్రభుత్వము నిలిపిన ప్రొటేరియసును 457లో అలెగ్జాండ్రియా మూక చంపెను. డయాస్కొరసు గాంగ్రాలో ప్రవాసియై 454లోనే కాలముచేసెను; ఐగుప్తువారికి అతడు తమ కొఱకు కష్టమనుభవించిన తండ్రి. కల్సెడోను తీర్మానము వారికి ఒక సిద్ధాంతముగా గాక, తమ తండ్రిని త్రోసివేసిన పరాయి నగరపు తీర్పుగా కనబడెను. ఈ తగవు తీరక నిలిచిపోవుటకు కారణము స్వభావముల లెక్క కంటె ఇదియే యని నా అభిప్రాయము.

తరువాతి చక్రవర్తులు బుజ్జగించియు, బెదరించియు, మధ్యేమార్గపు శాసనములు వ్రాసియు రెండు పక్షములను కలుపజూచి, రెండింటిచేతను తిట్లు తినిరి. జస్టినియను కల్సెడోను పక్షము, అతని రాణి థియొడొరా ఎదుటిపక్షము. ఒకే రాజసౌధమున రెండు మతములు కాపురము చేసినవి. ఆమె అండతో 542 ప్రాంతమున బిషప్పైన యాకోబు బరడేయసు, గుఱ్ఱపు జీను మీది చింకిగుడ్డను కప్పుకొని బిచ్చగాని వేషమున, రాజభటులకు చిక్కక, సిరియాలో ఊరూర తిరుగుచు గురువులను, బిషప్పులను అభిషేకించి రహస్యముగా సంఘమును నిలిపెను. సిరియాలోని ఆ పక్షమువారికి యాకోబీయులని పేరు వచ్చినది అతనివలననే. అంతియొకయ పక్షపు బోధ పారసీక రాజ్యమున నిలిచినది. ఎడెస్సాలోని విద్యాపీఠమును జీనో చక్రవర్తి 489లో మూయింపగా, ఆచార్యులు సరిహద్దు దాటి నిసిబిసు చేరిరి. రోమునకు శత్రువులైన క్రైస్తవులని పారసీకరాజులు వారిని కొంత ఓర్చిరి. వారి సంఘము ఎడారిబాటల వెంబడి చీనావఱకు పోయి, 781లో షియానులో శిలాశాసనము నిలిపినది.

ఆ సంఘమే సముద్రముమీద మలబారునకును వచ్చినది. మిరియము పండు మాలే దేశమున క్రైస్తవ సంఘమొకటి గలదనియు, కళ్యాణమున పారసీకమున అభిషిక్తుడైన బిషప్పు గలడనియు ఆఱవ శతాబ్దమున కోస్మాసు అను వర్తకుడు వ్రాసెను. మదరాసు సెయింటు థామసు కొండ మీదను, కొట్టాయములోను పహ్లవీ లిపి చెక్కిన సిలువలు నేటికిని గలవు. వేయేండ్లు తమ బిషప్పులను ‘తూర్పు సంఘ’మనబడు ఆ పారసీక సంఘమునుండి తెచ్చుకొన్న ఈ మలబారు క్రైస్తవులను, 1599లో ఉదయంపేరూరు సభలో గోవా ఆర్చిబిషప్పు మెనెజెసు నెస్టోరియసును శపింపజేసి, వారి సిరియా గ్రంథములను దిద్దించి, కొన్నింటిని కాల్పించెను. పోర్చుగీసువారి పెత్తనము సహింపలేక 1653 జనవరి 3న మట్టాంచేరిలో వారు ప్రమాణముచేసి విడిపోయిరి. తమకు బిషప్పు లేమిచే తూర్పుదేశములకు జాబులు వ్రాసిరి. 1665లో వచ్చినవాడు యెరూషలేమునుండి మార్ గ్రెగోరియసు, అతడు యాకోబీయుడు! వేయేండ్లు నెస్టోరియసు పక్షమని యెంచబడిన ప్రజలలో పెక్కండ్రు, నెస్టోరియసునకు బద్ధవిరోధియైన సిరిలు పక్షమున చేరిపోయిరి. స్వభావములు రెండా ఒకటా యని వారిలో తగవు పడినట్లు కానరాదు. తమ భాషలో ప్రార్థనచేయు తూర్పు బిషప్పు వచ్చెను, చాలును. త్రిస్సూరులో మాత్రము తూర్పు సంఘమువారి పెద్ద దేవాలయము నేడును నిలిచియున్నది. మరియను తక్కువ చేసిరని శపింపబడినవారి ఆ దేవాలయము పేరు మార్త్ మరియమ్, అనగా మరియమ్మయే. తెలుగునాటికి ఈ శాఖాభేదము సోకలేదు: గుంటూరు లూథరను సంఘమైనను, నెల్లూరు బాప్టిస్టు సంఘమైనను, కతోలిక సంఘమైనను, అన్నియు కల్సెడోనును అంగీకరించిన పడమటి శాఖలనుండి వచ్చినవే.

1964లో డెన్మార్కునందలి ఆర్హూసులో, కల్సెడోనును ఒప్పుకొన్న, ఒప్పుకొనని ఇరుపక్షముల పండితులు గూడి, మాటలు వేఱైనను మనము నమ్మునది ఒక్కటే యని తేల్చిరి. 1973లో ఐగుప్తు క్రైస్తవులైన కోప్టుల పోపు మూడవ షెనూదాయు రోము పోపు ఆఱవ పాలును, 1994లో తూర్పు సంఘపు పాట్రియార్కు నాలుగవ దిన్ఖాయు పోపు రెండవ జాను పాలును, క్రీస్తు సంపూర్ణ దేవుడును సంపూర్ణ మనుష్యుడును నని చేవ్రాళ్లు చేసిరి. 1994 పత్రములో, దేవమాత యనుటయు క్రీస్తుమాత యనుటయు రెండును తగినవే యని అంగీకరించిరి. ఎఫెసులో ఎండలో చనిపోయిన బిషప్పులు ఈ వాక్యమును చూచియుండినచో ఏమనియుందురో! అయినను సంఘములు నేటికిని ఒక్క బల్లవద్ద కూడుట లేదు. వాక్యములు దిద్దుట సులువు. పరిశుద్ధుల పట్టికనుండి ఒక పేరును తీసివేయుట యెవ్వరి తరము? రోమువారు లియోకు నవంబరులో పండుగ చేయుదురు. అతని లేఖను చదువనీయని డయాస్కొరసును కోప్టులు పరిశుద్ధుడని తలచుకొందురు. తూర్పు సంఘమువారు ఏటికి కొన్ని దినములలో, నెస్టోరియసు పేరిట గల ప్రార్థనాక్రమమునే పఠించుచుందురు.